డిస్లెక్సియా పిల్లలకు ఏ పద్ధతి? బోధన కిట్టు పేరు కన్నా ముందు తేల్చుకోవాల్సినవి

క్లుప్తంగా: తెలివి ఉన్నా చదవడం కష్టమయ్యే ఇబ్బందే డిస్లెక్సియా. దానికి మందు లేదు. శబ్దాన్ని, అక్షరాన్ని జతచేసి ఒక వరుసలో, విసుగులేకుండా నేర్పడమే దారి. ఆ పేరుతో వినిపించే కార్యక్రమాల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషు చదువు కోసం తయారైనవి. నల్లగొండ, పాలమూరు వైపు పిల్లలకు ముందు తేలాల్సింది ఇబ్బంది ఏ లిపిలో ఉంది, వారానికి ఎన్ని గంటలు దొరుకుతాయి, పక్కన కూర్చుని నేర్పే మనిషి ఎవరు అన్నవి. కార్యక్రమం పేరు ఆ తర్వాతి సంగతి.

"మీ బాబుకు డిస్లెక్సియా ఉందేమో, ఒకసారి చూపించండి" అని బడిలో టీచర్ అనగానే ఇంట్లో మొదలయ్యే పని ఫోన్‌లో వెతకడం. ఆర్టన్-గిల్లింగ్‌హామ్, విల్సన్, బార్టన్, జాలీ ఫోనిక్స్ అంటూ వరసగా బోధన కార్యక్రమాల పేర్లు వస్తాయి. ప్రతిదీ శాస్త్రీయమనే చెప్పుకుంటుంది. ఫీజులకు మాత్రం ఒకదానితో ఒకదానికి పొంతన ఉండదు. వీటిలో ఏది మంచిదన్న ప్రశ్నతో మొదలుపెడితే టెన్షన్ పెరగడమే తప్ప జవాబు దొరకదు. ముందు చూడాల్సింది తెలుగు వాక్యం చదివేటప్పుడు పిల్లవాడు ఎక్కడ ఆగుతున్నాడన్నది.

"నాట్లు" అన్న మాటలో చిక్కు ఎక్కడుంది

నాలుగో తరగతి పిల్లవాడి ముందు "నాట్లు వేశాక నీళ్లు పెట్టారు" అన్న వాక్యం పెట్టారనుకుందాం. డిస్లెక్సియా ఉంటే వాడు "నా.. టు.. లు" అని ఆగుతాడు. "నీళ్లు" దగ్గర "నీలు" అంటాడు. "పెట్టారు" కాస్తా "పెటారు" అవుతుంది. నాట్లంటే ఏమిటో వాడికి తెలియక కాదు. వానాకాలంలో గట్టు మీద కూర్చుని నాట్లు చూస్తూ పెరిగినవాడే. అదే మాట నోటితో చెబితే ఠక్కున అర్థమవుతుంది, కాగితం మీద పడేసరికి విడిపోతుంది.

"ట్లు"ను విడదీస్తే సంగతి తెలుస్తుంది. చెవికి వినపడే వరుస ట్, ల్, ఉ. కంటికి కనపడే వరుస వేరు: ట, దానికి తగిలించిన కొమ్ము, కింద ల వత్తు. కొమ్ము ఉన్నది ట దగ్గర, పలకాల్సింది ల తర్వాత. ర వత్తు ఇంకా చిత్రమైనది. "ప్ర"లో ప తర్వాత పలికే ఆ శబ్దానికి గుర్తు ప కన్నా ఎడమ పక్క నుంచే మొదలవుతుంది. మామూలు పిల్లలు కొన్నాళ్లు తడబడి దీన్ని దాటేస్తారు. మాటలోని శబ్దాలను విడదీసి పట్టుకోవడమే కష్టమైన పిల్లలకు ఈ వరుసల తేడా పెద్ద అడ్డంకి.

డిస్లెక్సియా మూలం చాలామంది పిల్లల్లో అక్కడే ఉంటుంది. లోపం కళ్లలో ఉండదు, తెలివిలోనూ ఉండదు. మాటలోని చిన్న చిన్న శబ్దాలను గుర్తించి, వాటిని అక్షరాలకు వేగంగా ముడిపెట్టే పని మెదడులో సాఫీగా సాగదు. పిల్లల్లో 5 నుంచి 10 శాతం మందికి ఇది ఉంటుందన్న అంచనా తరచూ వినిపిస్తుంది. ఆ లెక్కన నలభై మంది ఉన్న తరగతిలో ఇద్దరి నుంచి నలుగురి దాకా ఉండవచ్చు. వెనక బెంచీలో "మొద్దు" అనిపించుకునేది చాలాసార్లు వీళ్లే.

భాష మారితే ఇదే ఇబ్బంది వేరే రూపంలో పైకి వస్తుంది. ఇటాలియన్, ఫ్రెంచి, ఇంగ్లీషు చదివే డిస్లెక్సియా ఉన్నవారిని పోల్చిన అధ్యయనం 2001లో సైన్స్ పత్రికలో వచ్చింది. మెదడులో తేడా మూడు భాషలవారిలోనూ ఒకే చోట కనిపించింది. చదవడంలో మాత్రం ఇటాలియన్లు మిగతా రెండు భాషలవారి కన్నా మెరుగ్గా ఉన్నారు, ఎందుకంటే ఇటాలియన్‌లో రాసినదే పలుకుతారు. తెలుగును ఇటాలియన్‌తో పోల్చి మురిసిపోవడం మనకు పాత అలవాటు. ఈ విషయంలో ఆ పోలిక కొంత నిజమే: తెలుగులోనూ రాసినదే చదువుతాం. అందుకే తెలుగు మాత్రమే చదివే పిల్లల్లో డిస్లెక్సియా తప్పుల రూపంలో కన్నా నత్తనడక రూపంలో ఎక్కువగా కనిపిస్తుంది. చదువుతాడు, కానీ ఒక్కో మాటకు ఊపిరి బిగబడతాడు.

పోలిక అక్కడితో ఆగిపోతుంది. ఇటాలియన్ పిల్లవాడు ఇరవై పైచిలుకు అక్షరాలు నేర్చుకుంటే సరిపోతుంది. తెలుగులో వాడుకలో ఉన్న 35 హల్లులకు పన్నెండేసి గుణింతపు రూపాలు లెక్కేసుకున్నా 420 అవుతాయి. వత్తులు దీనికి అదనం. మన లిపికి తోబుట్టువు లాంటి కన్నడ లిపిని పిల్లలు ఎలా నేర్చుకుంటారో పరిశీలించి సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇదే చెబుతుంది: అక్షరాల మీద పట్టు ఒకటి రెండు తరగతులతో పూర్తికాదు, ఆ తర్వాతా ఏళ్లపాటు సాగుతుంది. కాబట్టి రెండో తరగతి పిల్లవాడు సంయుక్తాక్షరాల దగ్గర తడబడితే వెంటనే డిస్లెక్సియా అనుకోనక్కర్లేదు.

డిస్లెక్సియానా, చదువు అందకపోవడమా

దక్షిణ తెలంగాణలో ఈ రెండూ కలిసిపోయే కారణాలు చాలా ఉన్నాయి. దేవరకొండ వైపు తండాల్లో పిల్లలు ఇంట్లో మాట్లాడేది లంబాడీ. నారాయణపేట సరిహద్దు ఊళ్లలో కన్నడ వినిపిస్తుంది. పని కోసం ముంబై, పుణె వైపు కదిలే పాలమూరు కుటుంబాల పిల్లలకు ఏటా కొన్ని నెలల బడి పోతుంది. వీటికి తోడు 2022-23 నుంచి రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది వరకు ఇంగ్లీషు మీడియం మొదలైంది. తెలుగు గుణింతం ఇంకా కుదురుకోని పిల్లవాడు ఇంగ్లీషు స్పెల్లింగులూ మోయాలి. ఇన్ని బరువుల మధ్య చదవలేకపోవడానికి ప్రతిసారీ డిస్లెక్సియాయే కారణం కానక్కర్లేదు.

రెంటినీ విడదీసే పద్ధతుల్లో నమ్మదగ్గది ఒకటుంది: అందరితో పాటు ముందు సరిగ్గా నేర్పి చూడడం. ప్రాథమిక తరగతుల్లో చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరచడానికి 2022 ఆగస్టులో రాష్ట్రంలో తొలిమెట్టు మొదలైంది. అది మొత్తం తరగతి కోసం ఉద్దేశించినది, డిస్లెక్సియా కార్యక్రమం కాదు. అయినా ఒక జల్లెడలా పనికొస్తుంది. కొన్ని నెలలు రోజూ బడికి వచ్చి, తరగతితో పాటు నేర్చుకున్నాక వెనకబడిన పిల్లల్లో చాలామంది కదులుతారు. ఎంత చెప్పినా కదలనివారిపైనే అనుమానం పెట్టుకోవాలి.

ఇంట్లో చేయదగ్గ చిన్న పరీక్ష కూడా ఉంది. మన పిల్లలకు బట్టీ బాగా అలవాటు. క, కా, కి, కీ అని వరసగా పాడేస్తారు, మధ్యలో "కొ" మీద వేలు పెడితే మొదటి నుంచి పాడుకుంటూ రావాల్సిందే. తెలుగు వాచకంలోని పాఠమైతే పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా అప్పజెప్పగలరు. అందుకే అర్థం లేని మాటలు రాసి చదివించాలి: టిపుక, మొట్లి, కాద్రు, సెల్గ. వీటిని ఎవరూ బట్టీ పట్టి ఉండరు. అక్షరాన్ని శబ్దంగా మార్చే శక్తి ఎంతుందో ఇవే చెబుతాయి. తెలిసిన పాఠం గడగడా చదివి, ఇలాంటి నాలుగు మాటల దగ్గర కూలబడే పిల్లవాడిని తప్పకుండా పరీక్ష చేయించాలి. దానికన్నా ముందు చెవి, కళ్లు చూపించడం మరచిపోకూడదు. వినికిడి లోపం ఉంటే కథ వేరు.

పేర్ల వెనుక ఉన్నది

అమెరికాకు చెందిన నాడీ వైద్యుడు శామ్యూల్ ఆర్టన్, ఉపాధ్యాయురాలు అన్నా గిల్లింగ్‌హామ్ 1930ల్లో రూపొందించిన బోధన తీరే ఈ పేర్లలో చాలావాటికి మూలం. తేలిక శబ్దం నుంచి కష్టమైన దానికి వెళ్లడం, ఒకటి వచ్చాకే రెండోది ఎత్తుకోవడం, చూస్తూ, వింటూ, నోటితో చెబుతూ, చేత్తో రాస్తూ నేర్చుకోవడం దాని పునాది. ఇదొక ప్యాకెట్టు కాదు, ఒక తీరు. దాన్ని 12 మెట్ల పాఠాలుగా మార్చినది 1988లో వచ్చిన విల్సన్ పద్ధతి. బార్టన్ పది స్థాయిల్లో ఉంటుంది, తల్లిదండ్రులో స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారో నేర్పగలిగేలా ఏం చెప్పాలో మాటమాటకూ రాసిపెట్టారు. జాలీ ఫోనిక్స్ కోవ వేరు. ఇంగ్లీషులోని 42 శబ్దాలను తరగతి మొత్తానికి నేర్పే కార్యక్రమం అది. "మా దగ్గర ఫోనిక్స్ ఉంది" అని ప్రైవేటు బడి చెప్పడం మంచి మాటే గానీ, అది డిస్లెక్సియా పిల్లవాడికి కావాల్సిన విడి బోధనకు బదులు కాదు.

ఆధారాల మాటకొస్తే, చదవడంలో ఇబ్బంది ఉన్న పిల్లల మీద జరిగిన ప్రయోగాలను కలిపి చూసిన 2014 విశ్లేషణలో శబ్దం-అక్షరం జతచేసి నేర్పే బోధన ఒక్కదానికే గణాంకాల్లో నిలిచే ఫలితం కనిపించింది. ఆర్టన్-గిల్లింగ్‌హామ్ కోవలోని బోధనలను విడిగా తీసుకున్న 2021 విశ్లేషణలో సగటు ఫలితం మంచివైపే ఉన్నా, తేల్చి చెప్పేంత బలం రాలేదు. ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధం కావు. వరుసగా, విడమరచి నేర్పడం పనిచేస్తుంది. ఫలానా పేరున్నదే మిగతావాటి కన్నా గొప్పగా పనిచేస్తుందనడానికి రుజువు చాలదు. బ్రోచర్లలో ఈ తేడా కనిపించదు.

ఇసుకలో వేలితో దిద్దించడం వంటివి అదనంగా ఎంత సాయం చేస్తాయన్నది కూడా ఇంకా తేలలేదు. వీధిబడిలో ఇసుక పోసి ఓనమాలు దిద్దించిన ఊళ్లకు విదేశీ ఇసుక ట్రేని కొత్త విద్యగా అమ్మడం మాత్రం కాస్త తమాషానే.

ఇంగ్లీషు కిట్టు తెలుగు నేర్పదు

ఎంపికలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇక్కడే. ఈ కిట్లలోని పాఠాల వరుస ఇంగ్లీషు ఇబ్బందులను చూసి పేర్చినది. ఒకే అక్షరం నాలుగు రకాలుగా పలకడం, పలకని అక్షరాలు, స్పెల్లింగు నియమాలు వాటిలో నిండి ఉంటాయి. తెలుగుకు ఆ బెడద లేదు. ఇక్కడి బెడద గుణింతం, వత్తులు, ఒకేలా కనిపించే అక్షరాలు. అందువల్ల ఇంగ్లీషు కిట్టు పూర్తిచేసిన పిల్లవాడికి ఇంగ్లీషు మెరుగుపడవచ్చు, కానీ "నాట్లు" దగ్గర వాడు ఇంకా ఆగుతూనే ఉంటాడు.

కిట్టు పాఠాలు పక్కన పెట్టినా దాని తీరును తెలుగుకు తెచ్చుకోవచ్చు. అ నుంచి ఱ దాకా వరుసగా కాకుండా, ఎక్కువగా వాడే నాలుగైదు హల్లులతో మొదలుపెట్టాలి. ఒక హల్లుకు గుణింతం మొత్తం పాడించే బదులు ఒకే గుడినో, ఒకే కొమ్మునో నేర్చుకున్న హల్లులన్నిటికీ తగిలించి చదివించాలి. మ-య, ప-వ, ద-ధ-థ లాంటి జతలను ఒకే వారంలో ఎత్తుకోకూడదు. ఒకటి గట్టిపడ్డాకే రెండోది. వత్తుల్లో ముందు అక్క, అమ్మ, నాన్న లాంటి ద్విత్వాలు. వాటిలోనూ త, మ, న, ల వత్తులకు అసలు అక్షరంతో పోలిక ఉండదు కాబట్టి కొత్త అక్షరాలు నేర్పినంత ఓపికగా చెప్పాలి. రెండు వేర్వేరు హల్లులు కలిసే సంయుక్తాలు ఆఖరున.

ఒక పాఠం ఎలా నడుస్తుందో చూస్తే ఇది స్పష్టమవుతుంది. పిల్లవాడి ముందు పది చింతగింజలు ఉంటాయి. పెద్దవాళ్లు "చెట్లు" అంటారు. వాడు ఒక్కో శబ్దం పలుకుతూ ఒక్కో గింజ ముందుకు జరుపుతాడు: చ్, ఎ, ట్, ల్, ఉ. ఐదు గింజలు. ఇప్పుడు నాలుగో గింజ తీసేసి "ట్" పెడితే ఏమవుతుంది? చెట్టు. మొదటి గింజ మార్చి "మ్" పెడితే? మెట్టు. మళ్లీ నాలుగోది "ల్" చేస్తే మెట్లు. నాలుగు మాటలూ నోటితో అయ్యాక పలక మీద రాస్తాడు. వత్తు ఎందుకు మారిందో వాడే చెప్పాలి. ఆ తర్వాత అవే మాటలున్న రెండు వాక్యాలు చదువుతాడు. తప్పు చదివితే సరైన మాట అందించకుండా, గింజల దగ్గరికి వెనక్కి తీసుకెళతారు. బొమ్మ చూసి ఊహించడానికి వీలులేకుండా వాక్యం పక్కన బొమ్మ పెట్టరు. అన్నీ కలిపి ముప్పావు గంట. ఖర్చేమీ లేదు, కానీ రేపటి మాటల జాబితా ఈరోజే రాసిపెట్టుకోవాలి. డబ్బు తీసుకునే ఏ సెంటర్‌లోనైనా సరే, ఇలాంటి పాఠం ఒకటి తల్లిదండ్రులను పక్కన కూర్చోబెట్టుకుని చేసి చూపించమని అడగడం తప్పు కాదు.

ఇంగ్లీషు మీడియం పిల్లలకు రెండు లిపులూ నేర్పక తప్పదు. శబ్దాన్ని పట్టుకోవడం అనే పని రెంటికీ ఒకటే. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడికి దాన్ని తెలుగు మాటలతో మొదలుపెడితే అర్థం కోసం వేరే పెనుగులాట ఉండదు, ఆ అలవాటు ఇంగ్లీషుకూ పనికొస్తుంది. తండా పిల్లలకైతే లంబాడీ మాటలతోనే గింజల ఆట మొదలుపెట్టవచ్చు, శబ్దాలు విడదీయడానికి లిపితో పనిలేదు.

గంటల లెక్క

2001లో జోసెఫ్ టోర్గెసన్ బృందం అమెరికాలో ప్రచురించిన అధ్యయనం ఈ చర్చలో తరచూ వస్తుంది. చదవడంలో బాగా వెనకబడిన 8 నుంచి 10 ఏళ్ల పిల్లలు 60 మందికి విడిగా ఒక్కొక్కరికి 67.5 గంటలు నేర్పారు. రోజుకు రెండుసార్లు, 50 నిమిషాల చొప్పున, ఎనిమిది వారాలు. రెండు వేర్వేరు పద్ధతులు వాడితే రెండూ దాదాపు ఒకే ఫలితం ఇచ్చాయి. తప్పులు బాగా తగ్గి, రెండేళ్ల తర్వాత చూసినా ఆ మెరుగు నిలిచింది. వేగం మాత్రం తోటివారిని అందుకోలేదు.

ఆ 67.5 గంటలను ఇక్కడి వారాల్లోకి మార్చి చూడాలి. మహబూబ్‌నగర్ నుంచి గానీ నల్లగొండ నుంచి గానీ హైదరాబాద్ రానూ పోనూ 200 కిలోమీటర్లు. ఆదివారం ఒక్క గంట పాఠం కోసం వెళ్లి వస్తే 68 వారాలు పడుతుంది. పండుగలు, జ్వరాలు, పెళ్లిళ్లు తీసేస్తే ఏడాదిన్నర. ఈలోగా బస్సు చార్జీలు, కూలి పోవడం, పిల్లవాడి అలసట. ఊళ్లోనే వారానికి నాలుగు రోజులు ముప్పావు గంట చొప్పున దొరికితే వారానికి మూడు గంటలు, 23 వారాల్లో అదే లెక్క పూర్తవుతుంది. పేరున్న కార్యక్రమం వారానికొక గంట కన్నా, సాదా కార్యక్రమం వారానికి నాలుగు రోజులు ఈ పిల్లలకు మేలు చేసే అవకాశం ఎక్కువ.

వలస కుటుంబాలకు ఇంకో చూపు కావాలి. తేదీల ప్రకారం నడిచే సిలబస్ అయితే మధ్యలో వెళ్లిన పిల్లవాడు తిరిగి వచ్చేసరికి అది ముందుకు పోయి ఉంటుంది. మెట్టు మెట్టుకూ చిన్న పరీక్ష పెట్టి, పాసైతేనే ముందుకు కదిలే కార్యక్రమమైతే ఆగిన చోటు నుంచే ఎత్తుకోవచ్చు. ఏ మెట్టు దాకా వచ్చాడో రాసిన నోట్‌బుక్ ఒకటి పిల్లవాడి సంచిలో ఉంటే కొత్త ఊళ్లో టీచర్‌కు కూడా దారి తెలుస్తుంది.

నేర్పేదెవరు

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండల స్థాయిలో నడిపే భవిత కేంద్రాలు, వాటిలో ఆ పిల్లలకు నేర్పే ఐఈఆర్‌పీలు (రిసోర్స్ టీచర్లు) ప్రభుత్వం వైపు నుంచి దగ్గరగా అందే సాయం. కానీ అక్కడికి నడవలేని, మాట్లాడలేని, రకరకాల సాయం కావాల్సిన పిల్లలందరూ వస్తారు. వాళ్ల మధ్య చక్కగా మాట్లాడుతూ, పరిగెత్తుతూ తిరిగే డిస్లెక్సియా పిల్లవాడు ఎవరి కంటా పడడు. రోజూ పాఠం చెప్పే తీరిక అక్కడ దొరకకపోయినా, పాఠాల వరుస వేయించుకోవడానికి, నెలకోసారి పరీక్షించి చూడమనడానికి ఐఈఆర్‌పీని అడగవచ్చు. రోజువారీ పాఠం ఇంట్లోనో, బడిలోనో ఒకే మనిషి చెప్పాలి. ఇంటర్ చదివిన అక్కయినా సరే, రాసిపెట్టిన వరుస తప్పకుండా, కోప్పడకుండా కూర్చోగలిగితే చాలు. మాటమాటకూ రాసిపెట్టిన పాఠాల అసలు ఉపయోగం ఇదే.

నిర్ధారణ దారి వేరుగా నడుస్తుంది. బడిలో తొలి వడపోతకు ఎన్‌సీఈఆర్‌టీ 2022లో ప్రశస్త్ అనే చెక్‌లిస్టు, యాప్ తెచ్చింది. పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే జాబితాలో నేర్చుకోవడంలో లోపాలూ ఉన్నాయి. ఆ బృందాలు పిల్లల ఇబ్బందులను త్వరగా గుర్తించి సాయం చేసే జిల్లా స్థాయి డైక్ కేంద్రానికి పంపించవచ్చు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 గుర్తించిన 21 వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి, డిస్లెక్సియా దాని కిందికే వస్తుంది. ధ్రువపత్రం ఎనిమిదేళ్లు నిండినవారికే ఇవ్వాలని 2018 మార్గదర్శకాలు చెప్పాయి. ఏడేళ్ల పాపకు ఇబ్బంది స్పష్టంగా కనిపిస్తున్నా "సర్టిఫికెట్ వచ్చాక చూద్దాం" అని ఆగితే పోయేది నేర్చుకోవడానికి అనువైన ఏడాది. పాఠం మొదలుపెట్టడానికి ఏ కాగితమూ అక్కర్లేదు.

అద్దాలు, వ్యాయామాలు

రంగు కళ్లద్దాలు, కంటి వ్యాయామాలు డిస్లెక్సియాను నయం చేస్తాయనడానికి శాస్త్రీయ ఆధారం లేదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ, కంటి వైద్యుల సంఘాలతో కలిసి 2009లోనే ప్రకటించింది. మెదడును "యాక్టివేట్" చేస్తామనే వేసవి క్యాంపులను, తొంభై రోజుల గ్యారంటీలను కూడా ఆ గాటనే కట్టవచ్చు. వాటి ఫీజు పెట్టే చోట ఒక మంచి ట్యూటర్‌కు ఆరు నెలల జీతం ఇవ్వవచ్చేమో లెక్క చూసుకోవాలి.

ఎంత మార్పు ఆశించవచ్చు

మంచి బోధన అందిన పిల్లల్లో ముందు తప్పులు తగ్గుతాయి. వేగం చాలా ఆలస్యంగా, కొందరిలో కొంతవరకే వస్తుంది. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు గట్టిపరచడానికి కేంద్రం తెచ్చిన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో మూడో తరగతి ముగిసేసరికి నిమిషానికి 60 పదాలు చదవాలని ఉంది. తెలుగులో "వెళ్లిపోతున్నారు" అన్నది ఒకే పదం, ఇంగ్లీషులో ఆ భావానికి మూడు నాలుగు చిన్న మాటలు పడతాయి. కాబట్టి తెలుగు వేగాన్ని ఇంగ్లీషు వేగంతో పోల్చి నిరాశపడడం అనవసరం. పోయిన నెల తనే చదివిన వేగంతో పోల్చి చూస్తే చాలు. అందుకోసం నెలకోసారి కొత్త పేరా ఒకటి ఇచ్చి, నిమిషంలో సరిగ్గా చదివిన పదాలు లెక్కపెట్టి తేదీతో రాసుకోవాలి. మూడు నెలలు గడిచినా ఆ అంకె కదలకపోతే పాఠాల వరుసనో, వారానికి దొరికే గంటలనో మార్చాలి. ఆ మూడు నెలల్లో సగం రోజులు పాఠమే జరగకపోతే మాత్రం కార్యక్రమాన్ని తప్పుపట్టి లాభం లేదు.

వేగం వెనకబడే ఉంటుంది గనుకే పరీక్షల్లో అదనపు సమయం అవసరమవుతుంది. 40 శాతం, ఆపై వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం ఉన్నవారికి గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని కేంద్రం 2018 మార్గదర్శకాల్లో చెప్పింది. మూడు గంటల పరీక్షకు ఇంకో గంట. పదో తరగతి పరీక్ష ఫీజు కట్టేటప్పుడు హడావుడిగా తిరగకుండా ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోనే ఆ కాగితాల పని మొదలుపెట్టుకోవడం మంచిది.